హనుమక్క చెరువు

ఆ గుంతను ఊరివాళ్లు చెరువనుకుంటున్నారని నాకు తెలుసు. కాదని నేను చెప్పలేదు.

అనంతపురం జిల్లాలో, గుమ్మఘట్ట దాటాక కర్ణాటక హద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో నేనొక ఎండాకాలమంతా పనిచేశాను. తిరిగొచ్చాక మా ఊరి గ్రంథాలయం వార్షిక సంచికలో ఆ అనుభవం రాశాను. సంగటి, గొర్రెల మందలు, కొండమీది గాలి, అక్కడి ఆడవాళ్ల పనితనం, అన్నీ రాశాను. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. అసలు సంగతి మాత్రం అందులో లేదు. ఏడేళ్ల తరువాత, పోయిన చలికాలం, మళ్లీ అక్కడికి వెళ్లొచ్చాను. ఈ రెండో ప్రయాణం రాయాలంటే మొదటిదాంట్లో వదిలేసింది రాయక తప్పదు.

పట్టణాల చెత్త తెచ్చి పోసే పెద్ద గుంతల అడుగున నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచి, షీటుకు షీటు కరిగించి అతకడం మా పని. చెత్త కుళ్లి కారే మురుగు నేలలోకి దిగి బావుల్లో, బోర్లలో కలవకుండా ఆ షీటు ఆపాలి. అంతకుముందు ఊరి బయట ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పోసేవాళ్లు. కొత్త నిబంధనలు వచ్చాక కొన్నిచోట్ల ఈ పద్ధతి మొదలైంది. నేను ఆ అతుకులు వేసే ముఠాకు సూపర్‌వైజర్ని.

వాన కోసం ఏడాదంతా ఎదురుచూసే చోట, కొండ కింద పెద్ద గుంత తవ్వి, బంకమట్టి పోసి రోలరుతో తొక్కించి, దానిమీద చుక్క నీరు ఇంకని షీటు పరుస్తుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? నీళ్లు నిలబెట్టడానికే అనుకున్నారు. ఇంకోటి అనుకోవడానికి వాళ్లకు కారణం లేదు. కంట్రాక్టరు నాకు చెప్పింది ఒకటే: ఊరివాళ్లతో ఎక్కువ మాట్లాడకు, వానలకు ముందే పని తేలాలి.

షీటు కింద గోరంత రాయి మిగిలినా ప్రమాదమే. పైన చెత్త బరువు పడేకొద్దీ అది షీటును పొడుస్తుంది. అందుకని మట్టిలో రాళ్లు చేత్తో ఏరాలి. వంగి చేసే ఆ పనికి కూలీలు దొరకలేదు. అప్పుడు హనుమక్క వచ్చింది. గొర్రెలు కాచుకునే కుటుంబం ఆమెది, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. గట్టుమీద నిలబడి, "ఇది చెరువే గదా సారూ?" అని అడిగింది.

మీరు పని ఎప్పుడు మొదలుపెడతారమ్మా, అన్నాను నేను.

ఆమె దాన్ని అవునని తీసుకుంది. అలా తీసుకోవాలనే నేనూ అన్నాను. ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి, మన చెరువు మనం చేసుకోకపోతే ఎవరు చేస్తారని చెప్పి, ఇరవై ముప్పై మంది ఆడవాళ్లను పోగేసింది.

ఇన్ని చోట్ల షీట్లు పరిచాను గాని, పరిచినచోటికి మళ్లీ వెళ్లి ఎలా ఉందో చూసింది ఎక్కడా లేదు. ఏళ్లు గడిచాక ఆ అతుకులు ఎలా ఉంటాయో చూడాలనిపించింది. ఇంట్లో కూడా అదే చెప్పి బయలుదేరాను.

గుంతకల్లు

గుంటూరు దాటి నంద్యాల మీదుగా పోయే బండి ఎక్కితే ఒక్క పగటిలోనే నేల రంగు ఎన్నిసార్లు మారుతుందో చూడొచ్చు. మా గుంటూరు వైపు కాలవలు ఎక్కడ ఆగిపోయాయో కనిపెట్టాలని కిటికీ దగ్గర కూర్చున్నాను. కనిపెట్టలేకపోయాను. ఒక కునుకు తీసి లేచేసరికి వరి లేదు. వేరుశనగ పీకేసిన ఎర్ర చేలు, వాటి గట్లమీద ఏరి పోసిన రాళ్ల కుప్పలు. ఇక్కడ రైతుకు రాళ్లు కూడా ఏటేటా పండుతాయి కాబోలు.

గుంతకల్లులో మర్నాడు పొద్దున ఉగ్గాని తిన్నాను. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, తిరగమోత పెట్టి, పుట్నాల పొడి కలుపుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఇవ్వరు. రెండూ కలిపి ఎనిమిది రూపాయలు. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ కూలీ నుంచి స్టేషను ఉద్యోగి దాకా అందరికీ పొద్దుటి తిండి అదే. నేను గుంటూరువాణ్ణన్న ధైర్యంతో బజ్జీ సగానికి కొరికాను. కళ్లు, ముక్కు ఒకేసారి కారాయి. ఊపిరి అందక బల్ల పట్టుకున్నాను.

హోటలాయన నీళ్లగ్లాసు పెట్టి తాపీగా, "యా ఊరప్పా?" అన్నాడు. చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి బజ్జీలు వేసేవాడితో, "గుంటూరంట. కారమంతా బస్తాలకెత్తి మనకి పంపించి, వీళ్లు పెరుగన్నం తింటాండారు" అన్నాడు. హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ. పోయేటప్పుడు ఇంకో గుప్పెడు బొరుగులు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు, దానికి డబ్బులు తీసుకోలేదు.

రాయదుర్గం

బళ్లారి మీదుగా రాయదుర్గం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఈ ఊరి వీధుల్లో నడుస్తుంటే ఏ ఇంటినుంచైనా కుట్టుమిషన్ల చప్పుడే. తలుపులు తీసి ఉంటాయి. లోపల వరసగా మగవాళ్లు జీన్సు ప్యాంట్లు కుడుతుంటారు. ఒకడు జేబులే కుడతాడు, ఒకడు నడుంపట్టీలే. ప్యాంటు మొత్తం కుట్టడం ఎవరికీ రాదని ఒకతను నవ్వుతూ చెప్పాడు. కాలవ నిండా నీలిరంగు గుడ్డముక్కలు. పేడ కుప్పలో కూడా నీలి దారాలు. నూట డెబ్భైకి ఒక ప్యాంటు కొన్నాను. లాడ్జికి వెళ్లి వేసుకుంటే ఒక కాలు ఇంకోదానికన్నా అంగుళం పొడుగు.

సరిచేయించడానికి తిరిగి వెళితే తిప్పేస్వామి అనే టైలరు దొరికాడు. ముప్పై ఏళ్లుంటాయి. పొడుగు కాలు కత్తిరిస్తూ యాడికి పోతాండారని అడిగాడు. ఊరి పేరు చెప్పగానే మిషను ఆపాడు. అది వాళ్ల ఊరే.

"అట్లయితే హనుమక్క చెరువు కాడ దిగండి. ఆడినుంచి దగ్గర."

ఆ పేరుతో చెరువు నేను ఎరగనన్నాను. అతను నవ్వాడు. అది చెరువు కాదని, చెత్త గుంత అని, ఊళ్లో దానికి ఆ పేరు పడిపోయిందని చెప్పాడు. హనుమక్క కంట్రాక్టరుతో కలిసిపోయి, చెరువని చెప్పి ఊరందరినీ నమ్మించిందట. వాళ్లమ్మ కూడా నెలరోజులు రాళ్లు ఏరిందట. తీరా చూస్తే లారీలు వచ్చాయట. "బస్సోళ్లు కూడా అదే పేరు చెప్తారు సార్. కండక్టరు అరస్తాడు, హనుమక్క చెరువు ఎవురు దిగేదని. ఆయమ్మ బస్సులో ఉంటే ఇంకా గట్టిగా అరస్తాడు."

నాకేం పని ఆ ఊళ్లో అని అడిగాడు. షీటు చూడటానికని చెప్పాను. ఆ షీటు వేసింది నేనేనని చెప్పలేదు. ఆమె కలిసిపోలేదని, ఆమెకు తెలియదని, అది తెలిసినవాణ్ణి నేనేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ప్యాంటు మడిచి ఇచ్చాడు, తీసుకున్నాను. కత్తిరించినందుకు ఏమీ వద్దన్నాడు. లాడ్జిలో ఆ ప్యాంటు మళ్లీ వేసి చూసుకోబుద్ధి కాలేదు. అప్పటిదాకా నా మౌనంవల్ల ఊరు మోసపోయిందనే అనుకున్నాను. దాన్ని ఏడేళ్లుగా ఒక మనిషి పేరుమీద మోపారని ఆ టైలరు చెప్పేదాకా తెలియదు.

గుమ్మఘట్ట బస్సు

బస్సులో కండక్టరు టికెట్టు తెలుగులో అడిగి, చిల్లర లేదని కన్నడంలో చెబుతాడు. ఎవరికీ అది వింతగా లేదు. నా కాళ్ల దగ్గర ఒక పెద్దాయన రెండు గొర్రెపిల్లల్ని గోనెసంచిలో తలలు మాత్రం బయటికి ఉంచి కూర్చోబెట్టాడు. మా వైపు కొత్తమనిషిని భోజనం అయిందా అని పలకరిస్తాం. ఆయన నన్ను, "మీ పక్క వానలెట్లుండాయి?" అని పలకరించాడు.

వానలదేముంది, కాలవకు నీళ్లొదిలారని చెప్పాను.

"నేనడిగింది వాన" అన్నాడు.

నిజానికి మా ఊళ్లో వాన ఎప్పుడు పడిందో నాకు గుర్తు రాలేదు. ఆయన మాత్రం తమ చేలో ఏ కార్తెలో ఎంత పడిందో, పక్కచేలో ఎందుకు పడలేదో దారంతా చెప్పాడు. ఒక గొర్రెపిల్ల నా చొక్కా గుండీ నమిలి మింగింది. ఆయన దాని మూతి మీద ఒకటేసి, ఇంటికి రమ్మని, గుండీ కుట్టిస్తానని పిలిచాడు. అంతలో కండక్టరు అరిచాడు. ఏ పేరు అరిచాడో వేరే చెప్పక్కర్లేదు.

గుంత దగ్గర

ముందు వాసన వచ్చింది. తరువాత తుమ్మచెట్లకు తగులుకుని గాలికి ఊగే క్యారీబ్యాగులు. ఆ తరువాత గుంత. సగం నిండి, దానిమీద ఎర్రమట్టి కప్పి ఉంది. మిగతా సగంలో లారీ ఒకటి వెనక్కి వస్తోంది. కాపలా మనిషి ఓబులేసు నీడలో కూర్చుని రేడియో వింటున్నాడు. లోపలికి రానివ్వడేమో అనుకున్నాను. అతనికి మాట్లాడే మనిషి దొరకడమే చాలు.

గట్టు అంచున కందకంలో పాతిన షీటు చివర ఒకచోట బయటపడి ఉంది. మోకాళ్లమీద కూర్చుని మట్టి దులిపాను. నా అతుకు కనిపించింది. షీట్లు రెండూ జానెడు ఒకదానిమీద ఒకటి వేసి, మధ్యలోకి కాలిన ఇనుప నాలుక ఉన్న చిన్న యంత్రాన్ని నడిపిస్తాం. అది బండిలా పాకుతూ ప్లాస్టిక్కును కరిగిస్తూ, వెనక చక్రాలతో నొక్కుతూ పోతుంది. ఒక అతుకు కాదు, పక్కపక్కన రెండు. వాటి మధ్య సన్నటి సందు వదులుతాం. ఆ సందు రెండు కొసలు మూసి, సూది గుచ్చి, సైకిలుకు కొట్టినట్టు గాలి కొడతాం. మీటరు ముల్లు నిలబడితే అతుకు మంచిది. దిగితే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. ఆ సీమ ఎండకు పదిగంటలకల్లా షీటు ఉబ్బి అలలు లేచేది. అలమీద అతుకు కుదరదు. అందుకని తెల్లవారుతూనే మొదలుపెట్టి, ఎండ ముదిరితే ఆపి, పొద్దు వాలాక మళ్లీ పట్టుకునేవాళ్లం. మధ్యాహ్నం ఆ ఆడవాళ్లు తెచ్చుకున్న సంగటిలో, వేరుశనగ పచ్చడి ఊరుబిండిలో మాకూ వాటా ఉండేది.

గోటితో పట్టి లాగాను. అతుకు కదల్లేదు. సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని దాచను.

గుంతకు దిగువన ఒక పాత బావి ఉంది. దాని నీళ్లే తాగుతానని ఓబులేసు చెప్పాడు. ఒక చెంబు తోడించుకుని తాగాను. కాస్త ఉప్పన, ఆ నేలకు సహజమైన ఉప్పు. రంగు లేదు, వాసన లేదు. ఇప్పటికి బాగుంది. ఇంకో ఇరవై ఏళ్లకు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసన్నవాణ్ణి నమ్మను.

బావిగట్టు మీద కూర్చుంటే మొదటి వాన గుర్తొచ్చింది. మా పని ఐపోవచ్చిందనగా ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. తెల్లారేసరికి గుంతలో మోకాటిలోతు నీళ్లు. నల్ల షీటుమీద ఆ నీళ్లు ఆకాశమంత నీలంగా కనిపించాయి. హనుమక్క ముందు నడుస్తుండగా ఆడవాళ్లందరూ తలంట్లు పోసుకుని వచ్చారు. పసుపు, కుంకుమ, పచ్చగాజులు, మేం బొబ్బట్లనే ఓళిగలు తెచ్చారు. కొత్త నీళ్లు వస్తే గంగమ్మకు ఇచ్చుకోవడం అక్కడి ఆచారం. హనుమక్క అంచున వంగి గాజులు నీళ్లలో వదిలింది. ఓళిగ ఒకటి ఆకులో పెట్టి నాకిచ్చింది. నేను చెప్పులు విప్పి, చేతులు జోడించి నిలబడ్డాను. ఓళిగ తిన్నాను. నెయ్యి వేసి చేసినది, ఇంకోటి కూడా అడిగి తిన్నాను.

మర్నాడు కంట్రాక్టరు పంపు తెప్పించి నీళ్లు తోడించేశాడు. షీటుమీద బురద, అందులో గాజులు. నేను ఆ వారంలోనే సామాను సర్దుకుని వచ్చేశాను. మొదటి లారీ రావడం నేను చూడలేదు.

హనుమక్క దొడ్డి

ఆమె గొర్రెల దొడ్డిలో పిల్లల్ని తల్లులకు వదులుతోంది. తలెత్తి చూసి, "షీటు సారు" అంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. గొర్రెపిల్లలన్నీ తల్లుల్ని పట్టుకునేదాకా నేను కంచె బయటే నిలబడ్డాను.

ఆమెకు జరిగింది నేను అడగాల్సివచ్చింది. పెద్దగా ఏమీ చెప్పలేదు. పైఊరి చెరువు పూడిక తీసే పని వచ్చినప్పుడు అందర్నీ పిలిచి తనను పిలవలేదంది. ఆమె చెయ్యి పడితే అదీ చెత్తవుతుందన్నారట. ఇప్పుడు గంగమ్మ పూజకు కూడా వెనకనే నిలబడుతుందట. ఇదంతా దొడ్డి ఊడుస్తూ చెప్పింది.

"నువ్వు చెరువని చెప్పలేదు" అంది చివరికి. "నేను శానాసార్లు గ్యాపకం చేసుకున్న్యా. చెప్పలేదు. కాదనీ చెప్పలేదు."

అవునన్నాను. ఆ తరువాత మాట తడుముకుని, మీరంత శ్రద్ధగా రాళ్లు ఏరారు కాబట్టే షీటు నిలబడిందని, దిగువ బావి నీళ్లు ఈరోజుకీ తాగేలా ఉన్నాయంటే అది మీ చేతుల చలవేనని చెప్పాను. అది నిజం. దారి పొడుగునా ఆ మాట సిద్ధం చేసుకున్నాను.

ఆమె చీపురు ఆపింది. "బావి బాగుంటే మంచిదే. దాన్ని నీ తప్పుకి కప్పొద్దు."

ఈ ఊరి గురించి ఒకసారి పుస్తకంలో రాశానని కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. తన పేరుందా అని అడిగింది. ఉంది, బాగా పనిచేశారని రాశాను అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు బజ్జీకన్నా ఎక్కువ మండింది.

తప్పైపోయింది హనుమక్కా, అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే గదా. కరెంటొచ్చే యాళైంది. బోరు కాడికి రా. ఆడ చెప్పు."

బోరు దగ్గర

ఊరి బోరుకు కరెంటు మధ్యాహ్నం వస్తుంది. ఆడవాళ్లు ముందే వచ్చి బిందెలు వరస పెడతారు. హనుమక్క తన బిందె తెచ్చి చివర పెట్టింది. ఆమె వెంట వచ్చిన నన్ను అందరూ చూశారు. కొందరి ముఖాలు గుర్తున్నాయి. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నన్ను కూడా గుర్తుపట్టి ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నేను షీటు గురించి మొదలుపెట్టాను. భూమిలో నీళ్లు పాడు కాకుండా ఇట్లాంటివి ఎందుకు అవసరమో, పద్ధతి లేకుండా పోసే చెత్త ఎంత ప్రమాదమో చెప్పబోయాను. వరసలో ముందున్న ముసలామె, నాగమ్మ అంటారని తరువాత తెలిసింది, నడుంమీద చెయ్యి పెట్టుకుని అంతా వింది.

"సాగదీయొద్దప్పా. నువ్వెవురు? హనుమక్క ఎందుకు పిల్చకొచ్చింది? ఇంకో చెరువు తవ్వుతారా ఏమి?"

వరసంతా నవ్వింది. హనుమక్క నేల చూస్తూ నిలబడింది. పైపులో గాలి గుర్రుమంది, నీళ్లు ఇంకా రాలేదు. నేను చెప్పులు విప్పాను.

"ఆ గుంతలో షీటు వేసింది నేను. అది చెత్తకని మొదటిరోజు నుంచీ నాకు తెలుసు. చెరువేనా అని హనుమక్క నన్ను అడిగింది. నేను కాదనలేదు, నాకు మనుషులు కావాలి కాబట్టి మాట మార్చాను. ఆమెకు ఏమీ తెలియదు. మీకు చెప్పినమాట ఆమె నమ్మి చెప్పింది. మీరు గంగమ్మకు పూజ చేస్తుంటే కూడా నేను పక్కనే నిలబడి, మీరు పెట్టింది తిని, నోరు మూసుకున్నాను. ఏడేళ్లు మీరు ఆమెను అన్న ప్రతి మాటా నన్ను అనాల్సింది. తప్పు నాది. హనుమక్కా, క్షమించు. అమ్మా, మీరందరూ క్షమించండి."